తొమ్మిదో క్లాజు

లాయరు ఆఫీసుకి వచ్చిన జంట కుర్చీల్లో ఎలా కూర్చుందో చూస్తే చాలు, వాళ్ళ కాగితం ఎన్ని పేజీలొస్తుందో టైపిస్టు చెప్పేసేది. మోచేతులు తగిలేలా కూర్చునేవాళ్ళకి నాలుగు పేజీలు. మధ్యలో హ్యాండ్‌బ్యాగు పెట్టుకునేవాళ్ళకి పదకొండు. ఇరవై రెండేళ్ళుగా ఆ కిటికీ పక్క బల్ల దగ్గరే కూర్చున్న మనిషి కాబట్టి ఆమె అంచనా పెద్దగా తప్పేది కాదు.

ఆ రోజు వచ్చిన జంటకి పాతికేళ్ళు కూడా నిండి ఉండవు. పెళ్ళి చేసుకోరట, కలిసి ఉంటారట, కానీ అన్నీ కాగితం మీద ఉండాలట. విడిపోతే ఇల్లెవరు ఖాళీ చెయ్యాలి, మంచమెవరిది, ఫ్రిజ్జెవరిది, అన్నీ చకచకా తేలిపోయాయి. పిల్లి దగ్గర బండి ఆగింది.

"పిల్లిని తెచ్చింది నేను," అంది అమ్మాయి.

"తెచ్చింది నువ్వే, కాదన్నానా? అది పడుకునేది మాత్రం నా పొట్ట మీద," అన్నాడు అబ్బాయి.

లాయరమ్మ కళ్ళజోడు నెత్తి మీదకి తోసుకుని టైపిస్టు వైపు చూసింది. ఇలాంటి చిక్కులు విప్పడం టైపిస్టు పనే.

"విడిపోయిన రోజున పిల్లి ఎవరి వెనకాల వెళ్తే వాళ్ళదని రాద్దామండీ. మనుషులకి తెలియకపోయినా దానికి తెలుస్తుంది," అంది టైపిస్టు. పిల్లలిద్దరూ నవ్వారు. మోచేతులు మళ్ళీ తగిలాయి. నాలుగు పేజీలే, అనుకుందామె.

ఈ సహజీవన ఒప్పందాలు ఆ ఆఫీసుకి పెద్ద వ్యాపారం. టైపిస్టు ఒక్కటీ మొదట్నుంచి టైపు చేసేది కాదు. పాత జంట కాగితం తెరిచి, దానికి కొత్త పేరు పెట్టి, మనుషుల్నీ సామాన్లనీ మార్చేది. పాతదే కొత్తదానికి అచ్చు. ఈ పద్ధతిలో సుఖం ఎంతో ప్రమాదమూ అంతే. పాత జంట ఎంగిలి కొత్త జంట కాగితంలో మిగిలిపోవచ్చు. అందుకని టైపిస్టు ప్రతి కాగితాన్నీ చివరి లైను నుంచి మొదటి లైనుకి, కింద స్కేలు పెట్టుకుని, వెనక్కి చదివేది. ముందు నుంచి చదివితే అర్థం వెంట కొట్టుకుపోతాం, వెనక నుంచి చదివితే తప్పు తప్పించుకోలేదు అనేది. ఇరవై రెండేళ్ళలో ఆమె చేతి మీదుగా ఒక్క ఎంగిలి మెతుకు కూడా జారలేదు. లాయరమ్మ కొత్త క్లయింట్లకి ఆమెని చూపించి ఈ మాట గొప్పగా చెప్పేది.

టైపిస్టు సొంత కాగితం కూడా ఆ బల్ల మీదే తయారైంది, కిందటేడు. ఆమె, అద్దాలు కోసి బిగించే గ్లాసు మేస్త్రి కలిసి ఉండబట్టి పదకొండేళ్ళు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి ఆమె ఒక కారణం చెప్పేది, అతనొకటి చెప్పేవాడు. రెండూ నిజం కావు, అసలుది చెప్పే అవసరం వాళ్ళకి కనిపించలేదు. ఊరందరికీ కాగితాలు రాసి మనకి లేకపోతే ఎలా అని కిందటేడు ఆమే పట్టుబట్టి రాయించింది.

పిల్లి క్లాజు టైపు చేస్తుండగా ఫోను మోగింది. మేస్త్రి కొట్టు పక్కన తాళాలు బాగుచేసే ఆయన.

"టైపిస్టమ్మా, కంగారు పడకు," అన్నాడాయన. అలా అంటే కంగారు పడకుండా ఎవరుంటారు? "మేస్త్రి బల్ల మీదే ఒరిగిపోయాడు. ఒళ్ళు పెనంలా ఉంది. ఏదేదో మాట్లాడుతున్నాడు. నేనూ మా తమ్ముడూ పెద్దాసుపత్రికి తీసుకొచ్చేశాం. ఆ కాలేనమ్మా."

ఆ కాలే. నెల కిందట గాజుపెంకు గుచ్చుకుంది. చక్కెర జబ్బున్న ఒళ్ళు, పుండు మానలేదు. డాక్టరు దగ్గరికి పద అంటే రేపు, రేపు అంటే ఎల్లుండి. పోరగా పోరగా ఒకసారి వెళ్ళి మందు రాయించుకొచ్చాడు, దాన్ని గూట్లో పెట్టి మర్చిపోయాడు. టైపిస్టు చేస్తున్న లైను పూర్తి చేసి, సేవ్ చేసి, లేచింది. లైను మధ్యలో లేవడం ఆమెకి రాదు.

*

ఆసుపత్రి కౌంటర్లో అమ్మాయి తల ఎత్తకుండా అడిగింది. "పేషెంటుకి మీరేమవుతారు?"

"కలిసి ఉంటున్నాం. పదకొండేళ్ళు. కాగితముంది."

"రిజిస్టరైందా?"

"నోటరీ అయింది. ఇద్దరు సాక్షులున్నారు."

"తీసుకురండి."

జవాబు తన నోట ఇంత తేలిగ్గా వచ్చినందుకు, ఆ భయంలో కూడా, టైపిస్టుకి లోపల చిన్న ధైర్యం కలిగింది. ఎంతమంది ఆడవాళ్ళు ఇదే కౌంటరు ముందు నోట మాట రాక నిలబడ్డారో ఆమెకి తెలుసు. వాళ్ళలో కొందరు తర్వాత ఆఫీసుకి వచ్చి, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడేమైనా రాయించుకోవచ్చా అని అడిగేవాళ్ళు. తనకా గతి పట్టలేదు. రెండు బస్సులు మారి ఇంటికెళ్ళింది, బీరువాలో చీరల కింద నుంచి కవరు తీసింది, మళ్ళీ రెండు బస్సులు మారి వచ్చింది. కవరు విప్పను కూడా విప్పలేదు. తను టైపు చేసిన కాగితం, తన పిల్లని తను తడిమి చూసుకోవాలా?

కౌంటరమ్మాయి మూడో పేజీ దాకా తిప్పి, వేలు ఒకచోట ఆపి, చదివి, కాగితాన్ని ఇటు తిప్పింది.

"తొమ్మిదో క్లాజు చూడండి."

చూసింది. 'మొదటి పక్షంవారు స్వయంగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్నప్పుడు వారి వైద్యానికి సంబంధించిన సమస్త నిర్ణయములు వారి అక్కగారు తీసుకొందురు. ఈ విషయమున రెండవ పక్షంవారికి ఎటువంటి ప్రమేయము ఉండదు.'

మొదటి పక్షం మేస్త్రి. రెండవ పక్షం తను.

"ఇది... ఇది పొరపాటు," అంది టైపిస్టు.

"కావచ్చమ్మా. కానీ సంతకాలున్నాయిగా. మీదీ ఉంది. వాళ్ళక్కగారిని పిలిపించండి." ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు, జాలీ లేదు. కాగితంలో ఏముంటే అది. అదే న్యాయమని ఇరవై రెండేళ్ళు నమ్మిన మనిషికి ఎదురు చెప్పడానికి ఏం మిగులుతుంది?

బెంచీ మీద కూర్చున్నాక ఒళ్ళంతా వేడెక్కింది. ఎంగిలి. పాత జంట ఎంగిలి. డ్రాయింగు మాస్టారొకాయన గుర్తొచ్చాడు. తనతో ఉంటున్నావిడని పక్కన కూర్చోబెట్టుకుని, మా అక్కయ్య డాక్టరు, నా వైద్యం సంగతి తనకే వదిలెయ్యాలి అని రాయించుకున్నాడు. ఆ కాగితమే తన కాగితానికి అచ్చయి ఉండాలి. పేర్లు మార్చింది, ఇల్లు మార్చింది, ఆ క్లాజు మార్చడం మర్చిపోయింది. సంతకాల రోజున ఆఫీసు కిటకిటలాడుతోంది. ప్రింటు లాయరమ్మే తీసి, సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో టిక్కులు పెట్టి ఇచ్చింది. మేస్త్రికి కింద బండిలో కిటికీ అద్దాలున్నాయి, తొందర. టైపిస్టు నవ్వుతూ టిక్కు ఉన్న చోటల్లా సంతకం పెట్టుకుంటూ పోయింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, అందరి కాగితాలూ వెనక నుంచి చదివే మనిషి తన కాగితం ముందు నుంచైనా చదవలేదు.

సర్జను బయటికొచ్చాడు. పొట్టిగా, నిద్రలేని కళ్ళతో ఉన్నాడు. ఎవరికి చెప్పాలో తెలియక ఆమెకీ కౌంటరుకీ మధ్య గాలికి చెప్పాడు. "విషం ఎక్కుతోంది. మోకాలి కింద తీసెయ్యాలి. రేపు సాయంత్రం లోపల సంతకం కావాలి. ఆ తర్వాతయితే మోకాలి పైన. ఎల్లుండయితే నేనేం చెప్పలేను."

"మనిషి దక్కుతాడా?"

"త్వరగా చేస్తే దక్కుతాడు. మీరు...?"

"ఏం కానండి," అంది టైపిస్టు. ఆ మాట తన నోటి నుంచి రావడం తనే విన్నది.

మేస్త్రి అక్కయ్య నంబరు తాళాలాయన దగ్గర దొరికింది. ఫోనెత్తిన గొంతు ఇంకా అలాగే ఉంది. జీవితమంతా రైల్వే టికెట్ కౌంటర్లో కూర్చున్న గొంతు, చిల్లర లేకపోతే పక్కకి జరగండి అనే గొంతు. తొమ్మిదేళ్ళ కిందట ఒకే ఒకసారి టైపిస్టు ఆవిణ్ణి వదినగారూ అని పిలిచింది. వరస కలవాలంటే ముందు ముడి పడాలమ్మా అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పి ఆవిడ తలుపేసుకుంది. మేస్త్రి గుమ్మం దిగి మళ్ళీ అటు వెళ్ళలేదు.

"నేనండీ, టైపిస్టుని," అంది.

"వాడికేమైంది?"

చెప్పింది. కాగితం సంగతీ చెప్పింది.

"నా పేరుందా?" అందావిడ. మళ్ళీ అడిగింది. "నా పేరు రాయించాడా వాడు?"

"అక్కగారని ఉందండీ."

"పొద్దున్న బండికి వస్తున్నా."

*

అక్కయ్య ఏడింటికల్లా దిగింది. తెల్ల జుట్టు, నున్నగా దువ్విన ముడి, చేతిలో చిన్న సంచి. కౌంటర్లో కార్డు చూపించింది, మెడలో వేసుకునే పాసు ఇచ్చారు. లోపలికి ఒకే మనిషిని పంపుతారు, ఆ మనిషి అధికారమున్న మనిషయి ఉండాలి. అద్దాల తలుపు ఆవిడ వెనక మూసుకుంది. ఆ తలుపు అద్దం మందమెంతో మేస్త్రయితే వేలితో కొట్టి చెప్పేవాడు, అనుకుంది టైపిస్టు, బెంచీ మీద నుంచి. లోపల అతని మంచం ఏ పక్క ఉందో కూడా ఆమెకి తెలియదు.

పావుగంటకి అక్కయ్య బయటికొచ్చి బెంచీకి ఆ చివర కూర్చుంది. మధ్యలో సంచి పెట్టుకుంది. పదకొండు పేజీలు, అనుకుంది టైపిస్టు, నవ్వు రాలేదు.

"గుర్తుపట్టలేదు," అంది అక్కయ్య. "అమ్మా అన్నాడు నన్ను."

"జ్వరమండీ."

"తెలుసు, జ్వరమని." ఆవిడ చేతిలో సంతకం చెయ్యాల్సిన కాగితముంది. దాన్ని నాలుగు మడతలు పెట్టింది, విప్పింది. "కాలు తీసెయ్యడమేంటి? నిలబడి చేసే పని వాడిది. రేపు లేచి, అక్కా నా కాలెవరు తియ్యమన్నారు అంటే? ఇంకో డాక్టరుకి చూపించాలి."

"టైము లేదన్నారండీ."

"వాళ్ళు అలాగే అంటారు."

ఫోన్ల మీద ఫోన్లు మొదలయ్యాయి. పిన్ని కొడుకొకడు కాంపౌండరుగా చేశాడు, అతనికి. మేనత్త అల్లుడికి. ఆయన స్నేహితుడికి తెలిసిన డాక్టరుకి. అందరూ తలా ఒకటి చెప్పారు. తొమ్మిదయింది, పదకొండయింది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, ఇక్కడ పావు కూడా దక్కలేదు టైపిస్టుకి. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ వేళ్ళు ఊరికే ఉండలేక మోకాలి మీద ఏదో టైపు చేస్తున్నాయి. మనిషి పోతాడని భయం ఒకటి, పోతే అది తన టైపింగు తప్పువల్లనే అవుతుందని భయం ఇంకొకటి. రెండోది ఎవరితో చెప్పుకునేది కూడా కాదు.

ఒంటిగంటప్పుడు ఇక ఉండబట్టలేదు.

"ఒక్క మాట చెప్తానండి. పోయిన వారం బొటనవేలు నల్లబడితే నేనే ఏడిచాను, కాలు తీసేస్తారేమోనని. ఆయన నవ్వాడు. తీస్తే తియ్యనీ, స్టూలేసుకుని కోస్తా, గాజుకి చెయ్యి కావాలిగానీ కాలెందుకు అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్తున్నాను. ఆయనకి బతకాలనుంది."

"నాతో అనలేదే."

"మీతో మాట్లాడి తొమ్మిదేళ్ళయిందండీ."

అక్కయ్య మొహం తిప్పుకుంది. గొంతు తగ్గించి, "అయినా వాడు నా పేరే రాయించాడు," అంది. ఆ మాట టైపిస్టుని దెప్పడానికి కాదు. తొమ్మిదేళ్ళ తర్వాత చేతికందిన ఒక్క వస్తువుని ఎవరికీ కనబడకుండా ఒకసారి తీసి చూసుకున్నట్టుగా అంది.

అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. కానీ తప్పు తనదైనప్పుడు ఒప్పుకోకుండా ఉండలేని జబ్బు టైపిస్టుది.

"కాదండీ. ఆ పేరు నా పొరపాటు. వేరేవాళ్ళ కాగితంలో అక్కగారని ఉంది, నేను మార్చడం మర్చిపోయాను. ఆయనకీ తెలియదు. మీకు ఇంత బరువు పెట్టినందుకు క్షమించండి."

అక్కయ్య ఆమెని అలాగే చూసింది. తర్వాత సంచి మీద చెయ్యి వేసి, అక్కడే ఉందో లేదో అన్నట్టు తడిమింది. "పొరపాటా," అంది. అంతే. గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఆవిడ ఒక్కసారిగా ముసలిదైపోయినట్టు కనిపించింది.

మూడు గంటల వేళ లేచింది. "సరే. పొరపాటో గ్రహపాటో, ఇక్కడున్నది నేను. వాడు నీతో అన్న మాట నిజమేగా? ఒట్టు వెయ్యక్కర్లేదు, నిజమేగా?"

"నిజమండీ."

కౌంటరు మీద కాగితం పెట్టి, టికెట్ మీద తేదీ చూసినట్టు పైనుంచి కింద దాకా ఒకసారి చూసి, అక్కయ్య సంతకం పెట్టింది. పెట్టాక పెన్ను తిరిగి ఇవ్వడం మర్చిపోయి చేతిలోనే పట్టుకుని నిలబడింది.

*

ఆపరేషను రెండు గంటలు. అక్కయ్య మంచినీళ్ళ కోసం కిందకి వెళ్ళింది. టైపిస్టు కవరు తీసింది. ఏం చెయ్యాలో తెలియనప్పుడు చేతులు తెలిసిన పని చేస్తాయి. చివరి పేజీ, చివరి లైను నుంచి వెనక్కి చదవడం మొదలుపెట్టింది. స్కేలు లేదు, బస్సు టికెట్టు అడ్డం పెట్టుకుంది.

సాక్షులు. తేదీ. పద్నాలుగు. పదమూడు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి, ఆమె చేతి పని అది. తొమ్మిది దగ్గరికొచ్చేసరికి కన్ను ఎక్కడో తట్టుకుంది. మాట కాదు, మాటల మధ్య జాగా. 'తీసుకొందురు' తర్వాత చుక్క, ఆ తర్వాత రెండు ఖాళీలు. మిగతా కాగితమంతా చుక్క తర్వాత ఒకటే.

టైపిస్టు చుక్క తర్వాత ఎప్పుడూ ఒకటే కొడుతుంది. డ్రాయింగు మాస్టారి కాగితమూ తన చేతిదే, అందులోనూ ఒకటే ఉంటుంది. ఆ ఆఫీసులో రెండు కొట్టేది ఒక్కరే. రెండు వేళ్ళతో వెతుక్కుంటూ టైపు చేసి, చుక్క వచ్చిన ప్రతిసారీ హమ్మయ్య అన్నట్టు బొటనవేలితో రెండుసార్లు దబదబా కొట్టే మనిషి.

మేస్త్రి దక్కాడని సర్జను వచ్చి చెప్పాడు. అక్కయ్య బెంచీ మీద కూలబడి చెంగుతో మొహం కప్పుకుంది. టైపిస్టు కూడా ఏడ్చింది. కానీ ఆ ఏడుపులో సగం దేనికో ఆమెకి అప్పటికింకా తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసు తెరవకముందే గుమ్మంలో నిలబడింది. లాయరమ్మ తాళం తీస్తూ, "ఎలా ఉన్నాడు?" అంది.

"బాగానే ఉన్నాడండి. నా కాగితంలో తొమ్మిదో క్లాజు మార్చింది మీరేనా?"

లాయరమ్మ తాళం చెవి గుత్తిలో తిప్పుతూ ఉండిపోయింది. "మీకు తెలీదా?"

"చెప్పండి."

"సంతకాలకి రెండు రోజుల ముందు వచ్చాడండీ. మీరు రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళారు. మీరు రాసిందాంట్లో మీ పేరే ఉంది. దాన్ని తీసి వాళ్ళక్కగారి పేరు పెట్టమన్నాడు. మీతో మాట్లాడానన్నాడు. నేనే టైపు చేశాను." ఆవిడ కళ్ళజోడు తీసి తుడిచింది. "మీరు చదివే సంతకం పెట్టారనుకున్నాను. మీరు చదవకపోవడమేంటి, నాకసలు ఊహకే రాలేదు."

టైపిస్టు కంప్యూటరు తెరిచింది. ఉన్నాయి, రెండూ. మొదటిది ఆమె పెట్టిన తేదీతో, 'రెండవ పక్షంవారు తీసుకొందురు' అని. రెండోది రెండు రోజుల తర్వాత. ఆమె తప్పు చెయ్యలేదు. ఇరవై రెండేళ్ళ పేరు చెక్కుచెదరలేదు. నిన్న ఒంటిగంట వేళ ఈ సంగతి తెలిసి ఉంటే దేవుడికి దణ్ణం పెట్టుకునేది. ఇప్పుడు మాత్రం తనదే తప్పయినా బాగుండేదని అనిపించింది. తప్పయితే దిద్దుకోవచ్చు.

"టీ తాగుతారా?" అంది లాయరమ్మ.

"వద్దండి. ఆ పిల్లి క్లాజు సగంలో మిగిలిపోయింది, పూర్తి చేసి వెళ్తాను." పూర్తి చేసి, వెనక నుంచి చదివి, ప్రింటు తీసి పెట్టి వెళ్ళింది.

ఆసుపత్రి మెట్ల దగ్గర అక్కయ్య ఎదురైంది, తిరుగు బండికి వెళ్తోంది. మేస్త్రిని వార్డుకి మార్చారు, ఇక అందరినీ లోపలికి పోనిస్తారు, మనిషికి తెలివొచ్చింది, తనని అక్కయ్యా అని పిలిచాడు. ఇవన్నీ గబగబా చెప్పేసి సంచి భుజానికి తగిలించుకుంది. టైపిస్టు ఆవిడ దారికి అడ్డంగా నిలబడింది. నోరు మూసుకుంటే తనకి కాస్త మర్యాద మిగులుతుంది. ఆవిడకి ఏమీ మిగలదు.

"నిన్న నేను చెప్పింది తప్పండీ," అంది. "మీ పేరు పొరపాటున పడలేదు. ఆయనే వెళ్ళి రాయించాడు. నా పేరు తీయించి, మీది రాయించాడు. ఇవాళే తెలిసింది."

అక్కయ్య ఒక మెట్టు దిగబోయి ఆగింది. ఆవిడ మొహం వెలిగింది, వెంటనే ఎదుటి మనిషి మొహం చూసి ఆ వెలుగుని దాచుకోబోయింది, చాతకాలేదు. చెయ్యి చాచి టైపిస్టు భుజం మీద వెయ్యబోయి, సంచి పట్టీ సర్దుకుంది.

"అన్నం తిన్నావా?" అంది.

"తింటానండి."

"తిను," అని దిగి వెళ్ళిపోయింది.

*

మేస్త్రి దుప్పటి కింద ఒక కాలు ఉన్నచోట కాలుంది, రెండోదాని దగ్గర దుప్పటి మోకాలి కింద ఒక్కసారిగా పరుపుకి దిగిపోయింది. మొహం పీక్కుపోయింది. ఆమెని చూసి నవ్వాడు.

"రా టైపమ్మా. చూశావా, నాకిక ఒక చెప్పు చాలు."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. నీళ్ళు పట్టింది, మూతి తుడిచింది, దిండు సర్దింది. అప్పుడడిగింది.

"తొమ్మిదో క్లాజు ఎందుకు మార్చావు మేస్త్రీ?"

నవ్వు పోయింది. కిటికీ వైపు చూశాడు. ఆ కిటికీ అద్దం మూల పగిలి ఉంది, చూపు దాని మీదే ఆపాడు.

"లాయరమ్మ చెప్పిందా?"

"అడిగిందానికి చెప్పు."

"నీ మంచికే," అన్నాడు. మాటలు కూడదీసుకున్నాడు. "చక్కెర జబ్బున్న ఒళ్ళు, ఇలాంటిదేదో వస్తుందని కిందటేడే తెలుసు. కాలు తియ్యమన్నా నిన్నే అంటారు, వద్దన్నా నిన్నే అంటారు. నేను పోతే మావాళ్ళు ఊరుకుంటారా? పెళ్ళామయితే పెళ్ళాం చంపేసిందంటారు. నిన్ను పెళ్ళాం అనరుగా, ఇంకో మాటంటారు. ఆ మాట నీ మీద పడకూడదనుకున్నా. అక్కయ్యనయితే ఎవరూ ఏమీ అనరు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఒప్పుకుంటావా?"

నిజమే, ఒప్పుకునేది కాదు. అతను చెప్పింది అబద్ధం కాదు, మోసం కాదు, ప్రేమే. అదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది. కోపం తెచ్చుకుందామంటే పట్టు దొరకలేదు.

"ఎవరో అనబోయే మాట నాకు తగలకూడదని ముందే నువ్వు అనేశావు," అందామె, నెమ్మదిగా. "ఎటువంటి ప్రమేయము ఉండదు అని రాయించావు. రెండు రోజులు ఆ అద్దాల తలుపు బయట కూర్చున్నాను. నీ మంచం ఏ పక్కనుందో కూడా తెలియదు నాకు. డాక్టరడిగితే ఏమీ కానన్నాను."

"ప్రమేయం గిమేయం అని నేనన్నానా? అది లాయరమ్మ భాష."

"సంతకం నీది."

"నీది కూడా ఉందిగా," అన్నాడు. అని, అనకుండా ఉండాల్సిందనుకుని, ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె చెయ్యి ఇచ్చింది. ఆ చేతిలో చెయ్యి ఉండగానే, ఇంత ఒంటరిగా పదకొండేళ్ళలో ఎన్నడూ లేననుకుంది.

ఆ తర్వాత మూడో రోజు మధ్యాహ్నం కొత్త కాగితం తెచ్చింది. ఆఫీసులో అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు, ఏ అచ్చూ తెరవకుండా, తెల్ల పేజీ మీద మొదటి అక్షరం నుంచి టైపు చేసింది. అలా చెయ్యడం ఆమెకి అదే మొదలు. నాలుగు పేజీలొచ్చాయి.

"ఇలా తే," అన్నాడు మేస్త్రి. కాస్త తేరుకున్నాడు, గడ్డం గీయించుకున్నాడు. "నీ పేరే పెట్టుకో. బుద్ధొచ్చింది. సంతకమెక్కడ?"

"చదువు."

"నువ్వు టైపు చేసింది నేను చదవాలా?"

"నేనూ అలాగే అనుకున్నాను. చదువు."

కళ్ళజోడు పెట్టుకున్నాడు. గాజు మీద గీత గీసేముందు ఎలా వంగుతాడో అలా వంగి, లైను కింద వేలు పెట్టుకుని చదివాడు. ఇల్లు. సామాన్లు. కొట్టు. ఆమె అతని వేలినే చూస్తోంది. మూడో పేజీలో అతని వైద్యం దగ్గర తన పేరు ఉన్న చోట వేలు దాటి, తర్వాతి లైనుకి వచ్చి, ఆగింది.

'రెండవ పక్షంవారు స్వయంగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్నప్పుడు వారి వైద్యానికి సంబంధించిన సమస్త నిర్ణయములు'. ఆ తర్వాత ఒక పేరు పట్టేంత ఖాళీ. 'వారు తీసుకొందురు.'

"ఇక్కడ తప్పు దొర్లింది టైపమ్మా. పేరు పడలేదు."

"తప్పు కాదు."

"పాతదాంట్లో నా పేరుండేదిగా?"

"ఉండేది. తీసేశాను. నాకేదైనా అయితే మా అన్నయ్య నీ మీదకొస్తాడు. నువ్వు మాట పడాలి. నువ్వేమో నాకేమీ కావు వాళ్ళ లెక్కలో." ఆమె ఆ ఖాళీ వైపు చూసింది. "నీ పేరు తీసేసి ఎవరి పేరు రాద్దామా అని ఎంతసేపు కూర్చున్నానో తెలుసా? రాయడానికి నాకు అక్కయ్య లేదుగా మేస్త్రీ."

అతను తల ఎత్తలేదు. పక్క మంచం దగ్గర ఎవరో గ్లాసులో చెంచా తిప్పుతున్నారు. అతని వేలు ఆ ఖాళీ కిందే ఉండిపోయింది. ఆ వేలి చివర తొమ్మిది గాజు కాట్లుంటాయని ఆమెకి తెలుసు, ఒక్కొక్కటీ ఎప్పుడు పడిందో తెలుసు. అతన్ని నొప్పించాలనే ఆ మాట అంది. నొప్పించాక ఏమీ తేలికపడలేదు.

పక్కనున్న పెన్ను తీసుకుని, "నా పేరు రాయనా?" అన్నాడు.

ఇలా అడగడం అతనికీ కొత్తే, అడిగించుకోవడం ఆమెకీ కొత్తే. వెంటనే ఊ అనేస్తే పదకొండేళ్ళ అలవాటు మళ్ళీ మొదలవుతుందని ఆమెకి తెలుసు. ఊహూ అనడానికి మనసొప్పలేదు.

"ఇంకో పేజీ ఉంది. మొత్తం చదివి అప్పుడడుగు," అంది.

అతను బుద్ధిగా నాలుగో పేజీ తిప్పాడు. పన్నెండో క్లాజు దాకా వెళ్ళాడు. మందుల మగత కమ్ముకొచ్చింది, వేలు లైను మీద జారింది, తల దిండు మీద ఒక పక్కకి ఒరిగింది. ఆమె కళ్ళజోడు తీసి మడిచింది. అతని వేళ్ళ మధ్య నుంచి పెన్ను మెల్లగా లాగి మూత పెట్టింది. కాగితాలు వరస చేసి ఒళ్ళో పెట్టుకుంది. మూడో పేజీలో ఆ ఖాళీ అలాగే ఉంది. బయటివాళ్ళు వెళ్ళిపోవాలని నర్సు వార్డులో చెప్పుకుంటూ వస్తోంది, ఆమె మాత్రం అతను లేచి మళ్ళీ అడుగుతాడేమోనని స్టూలు మీదే కూర్చుని ఉంది.